బోర్డు మీది నాలుగో నిబంధన

దేవుడికి ఒక వాచ్‌మన్ కావాలని, ఆ ఉద్యోగానికి నాకంటే తగినవాడు సిరొంచ తాలూకా మొత్తంలో లేడని నేను చాలాకాలం మనస్ఫూర్తిగా నమ్మాను. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మీకూ నాకూ శ్రమ తగ్గుతుంది. నేను మూర్ఖుణ్ణి. అందులోనూ చదువుకున్న మూర్ఖుణ్ణి. చదువురానివాడైతే ఏదో ఒకటి వాగి ఊరుకునేవాడు. నేను ఎనామిల్ పెయింటుతో రాసి గోడకు కొట్టాను.

ముప్పై ఏళ్లకు పైగా మహారాష్ట్ర అంచున మా జిల్లా పరిషత్ బడుల్లో మాస్టారుగా పనిచేశాను. పొద్దున మరాఠీలో పాఠం, మధ్యాహ్నం తెలుగులో తిట్లు, సాయంత్రం ఇంట్లో మౌనం. ఆ కొలువులో నాకు బాగా అబ్బిన విద్య ఒక్కటే, పరీక్ష హాలు గుమ్మం దగ్గర నిలబడటం. లోపలికి వచ్చేవాడి చేతులు, జేబులు, మొహం చూసి ఏం దాచి తెచ్చాడో పట్టేసేవాణ్ణి. రిటైరయ్యాక ఆ విద్యను కొన్నాళ్లు మార్కెట్లో వంకాయల మీద వాడాను. తర్వాత మా చర్చిలో నన్ను సంఘపెద్దను చేశారు. పెద్దరికం వెంటనే వచ్చేసింది. పెద్దమనసు మాత్రం గడ్చిరోలిలో బస్సెక్కానని కబురు పెట్టింది. మా రోడ్డు సంగతి మీకు తెలిసిందే, అది ఇంకా దారిలోనే ఉంది.

మా చర్చి చిన్నది. రేకుల కప్పు, తెల్లసున్నం గోడలు, బజారు పక్కనే. పంటలు ఇంటికి చేరాక మేము కోత పండుగ చేసుకుంటాం. ఆ రోజు ఎవరి కష్టంలోని మొదటి భాగాన్ని వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెడతారు. అంకీస వైపు నుంచి వడ్లు, గుమ్మడికాయలు, గోదావరి చేపలు వస్తాయి. అడవి ఊళ్ల నుంచి తేనె, చింతపండు, నాటుకోళ్లు వస్తాయి. నేను పెద్దనయిన మొదటి సంవత్సరం పండుగలో ఒక ఘోరం జరిగింది. సింహాసనం చుట్టూ దూతలు రెక్కలతో ముఖాలు కప్పుకొని దేవుడి పరిశుద్ధతను కీర్తిస్తారని మా పాస్టరు అయ్యగారు చెబుతున్నారు. సరిగ్గా అప్పుడే ఒక కోడి కట్లు తెంపుకొని, ఎగిరి ప్రసంగపీఠం మీద వాలి, తన రెక్కలో ముఖం దాచుకుంది. సంఘమంతా నవ్వింది. అయ్యగారు కూడా నవ్వారు. నేను నవ్వలేదు. దేవుడి గౌరవం పోయిందని నాకు ఆ రాత్రి అన్నం దిగలేదు. (దేవుడికి ఎలా ఉందో అడగలేదు.)

కమిటీలో మాట పెట్టాను. పరిశుద్ధ స్థలానికి కొన్ని పద్ధతులుండాలన్నాను. మా కమిటీ సెక్రటరీ తహసీలు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయిన మనిషి. తీర్మానాన్ని ఆయన మరాఠీలో ఠరావ్ అంటాడు. ఏ సంగతైనా ఠరావ్‌గా రాసి కింద నంబరు వేస్తే తప్ప జరిగినట్టు ఒప్పుకోడు. ఆయన పెళ్లికి కూడా నంబరుండే ఉంటుంది.

"మస్తు మంచిగ చెప్పిండ్రు సార్," అన్నాడు. "ఠరావ్ చేద్దాం. బోర్డు మీరే రాయుండ్రి. మీ రాత ముత్యాల లెక్కుంటది."

ముత్యాలన్నాక ఇక నన్ను ఆపేదెవరు? బడి మరమ్మతులప్పుడు బయటపడేసిన పాత నల్లబల్ల ఒకటి అడిగి తెచ్చుకున్నాను. టేకు చెక్క, ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవదు. దానికి తెల్లరంగు వేసి, నల్లబల్లను తెల్లబోర్డు చేసి, నీలి అక్షరాలతో "ఇది పరిశుద్ధ స్థలం" అని పైన రాసి, కింద ఆరు నిబంధనలు పెట్టాను. మా మతంలో పాత నిబంధన ఒకటి, కొత్త నిబంధన ఒకటి, వెరసి రెండే. దేవుడికి రెండుతో సరిపోయింది, నాకు ఆరు కావాల్సి వచ్చాయి. చెప్పులు బయట విడవాలి, ఫోన్లు ఆపాలి, కోళ్లను మేకలను ఆవరణలోనే కట్టేయాలి, ఇలా. నాలుగోది మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "వాసన వచ్చే వస్తువులు, మత్తుకు సంబంధించిన వస్తువులు లోపలికి తేరాదు."

బోర్డు ఆరబెడుతుంటే మా ఆవిడ వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకొని మొత్తం చదివింది.

"ఏమయ్యా, ఇన్ని రాసినవు గని, గా దేవుడు లోపటికి రావచ్చునా రావద్దా, అది రాయలే?"

రంగు ఆరేదాకా బోర్డు దగ్గర మాట్లాడకూడదు, దుమ్ము పడుతుందన్నాను.

తర్వాతి కోత పండుగ నాడు నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను, ఇస్త్రీ చొక్కాతో, పాత పరీక్షల రోజుల్లోలాగా. చేపల బుట్టలను పక్కకు పంపాను. కోళ్లను కట్టేయించాను. అంతా సవ్యంగా ఉంది. అప్పుడొచ్చింది అవ్వ.

అవ్వ అహేరి రోడ్డు నుంచి లోపలికి వెళ్లే ఒక అడవి ఊరి మనిషి. గోండు కుటుంబం. ఎప్పుడో నడివయసులో బాప్తిస్మం తీసుకుంది. భర్త పోయాడు, కొడుకూ కోడలూ ఉన్నారు. నెలకొకసారి ప్రభు భోజనం ఉండే ఆదివారం నాడు ఊరి నుంచి రోడ్డుదాకా నడిచి, ఏది దొరికితే అదెక్కి వచ్చేది. ఆడవాళ్ల వైపు మూడో కిటికీ పక్కన కూర్చునేది. ప్రభువు శరీరానికి గుర్తుగా ఇచ్చే ఆ రొట్టె ముక్క చేతిలో పడగానే కళ్లు మూసుకొని చాలాసేపు అలాగే ఉండేది. ఆమె వల్ల వరుస ఆగిపోతోందని నేనే ఒకటి రెండుసార్లు దగ్గాను కూడా.

నెత్తి మీద బుట్ట, బుట్ట మీద టేకాకు కప్పి ఉంది. నేను ఆకు తీసి చూశాను. ఎండిన ఇప్పపువ్వు. తియ్యటి, చిక్కటి, ముక్కులో కూర్చుండిపోయే ఆ వాసన మా వైపు ఎవరికైనా కళ్లు మూసుకున్నా తెలుస్తుంది.

"ఇదేంది అవ్వా?"

"ఇప్పపువ్వు సారు. దేవునికి."

"ఇది లోపటికి రాదు."

"ఎందుకు సారు? మంచిగ ఎండినయి. ఒక్క పురుగు లేదు, సూడుండ్రి."

"పురుగు ముచ్చట కాదు. దీంతోని ఏం కాస్తరో నీకు తెల్వదా?"

"మేము కాయం సారు. ఉడికిచ్చుకొని తింటం."

"నువ్వు కాయవు. సూసెటోళ్లు ఏమనుకుంటరు? జిల్లల దారు, సారా అంత బంద్ ఉన్నది. దేవుని ముంగట సారా సరుకు పెడ్తమా?"

అవ్వ బోర్డు వైపు చూసింది. ఆమెకు చదువు రాదు.

"అండ్ల రాసి ఉన్నదా సారు?"

"ఉన్నది. నాలుగోది." చదివి వినిపించాను, డిక్టేషన్ చెప్పినట్టు, ఒక్కో మాట విడదీసి. "దేవుడు పరిశుద్ధుడు అవ్వా. మన ఇష్టమున్నట్టు ఊకె పోరాదు."

"నిజమే సారు," అంది. ఆకు మళ్లీ కప్పింది. బుట్ట నెత్తికెత్తుకొని వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఎదురు మాట్లాడి ఉంటే బాగుండేది. నాలుగు తిట్టినా బతికిపోయేవాణ్ణి. ఒప్పుకుంది, అదే నా ప్రాణానికొచ్చింది. కానీ అది తర్వాతి మాట. ఆ ఉదయం నాకు గొప్పగానే ఉంది. అయ్యగారు మూడు సంఘాలు చూసుకోవాలి కాబట్టి ఆ పూట ప్రసంగం నాదే. దేవుడి పరిశుద్ధత మీద మాట్లాడాను. పరిశుద్ధం అంటే ప్రత్యేకించడం, ఒక గిన్నెను వేరుగా తీసిపెట్టి దేవుడి పనికి తప్ప ఇంకో పనికి వాడకపోవడం అని వివరించాను. చాలా బాగా చెప్పానని సెక్రటరీ అన్నాడు. నిజానికి ఆ రోజు నేను ప్రత్యేకించింది ఒక్కరినే, గుమ్మం బయటికి.

తర్వాతి నెల ప్రభు భోజనానికి అవ్వ వచ్చింది, కానీ లోపలికి రాలేదు. బయట మెట్ల మీద, చెప్పుల పక్కన కూర్చుంది. పాటలప్పుడు పెదవులు కదిపింది. రొట్టె పళ్లెం గుమ్మందాకా వెళ్తే చేతులు జోడించి తల అడ్డంగా ఊపింది. ఆ మరుసటి నెలా అంతే. మూడో నెల అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు.

"సార్, అవ్వ ఎందుకు తీసుకుంటలేదు? మీకేమన్న తెలుసా?"

"తెల్వదయ్యగారూ," అన్నాను.

అబద్ధాలాడరాదని బోర్డు మీద రాయడం మర్చిపోయాను.

ఆరాధన అయ్యాక ఆమె దగ్గరికి వెళ్లి మెట్టు మీద కూర్చున్నాను. ఎండ మొదలయింది, ఇప్పచెట్లు పూలు రాల్చే రోజులు.

"అవ్వా, లోపటికి ఎందుకొస్తలేవు? నేను బుట్ట వద్దన్న గని, నిన్ను వద్దన్ననా?"

ఆమె రెండు అరచేతులూ తెరిచి నా ముక్కు దగ్గర పెట్టింది. అదే వాసన.

"పువ్వు ఏరేది గీ చేతులే కద సారు. ఎంత కడిగినా పోదు. ఏరుడు అయిపోతె ఎండబెట్టుడు, ఎండబెట్టుడు అయిపోతె దంచుడు. ఏడాదంత ఉంటది. వాసన లోపటికి రారాదని మీరే చదివిండ్రు. గీ చేతులతోని ప్రభువు రొట్టె ఎట్ల ముట్టాలె?"

నేను అక్కడి నుంచి ఎలా లేచానో గుర్తులేదు. ఇన్నేళ్లలో పరీక్ష హాళ్లలో ఎంతోమందిని బయటికి పంపాను. వాళ్లందరికీ మళ్లీ రాసుకోవడానికి అక్టోబరు పరీక్ష ఉండేది. ఈమె నా మాట నమ్మి, ఒక్క ముక్క రొట్టె కోసం ఆ దూరమంతా వచ్చి, దాన్ని ముట్టుకోకుండా తిరిగి వెళ్తోంది. ఆమె చేతిలోంచి ఆ ముక్కను లాగేసింది నేను.

ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను. ఆమె తిట్టలేదు. మర్నాడు తెల్లారగానే చెంగు బిగించి, "బండి తీయి," అంది.

అవ్వ ఊరికి వెళ్లేసరికి పొద్దెక్కింది. చెట్ల కింద నేలంతా ఊడ్చి, ఆకు లేకుండా నున్నగా చేసి ఉంది, రాలిన పువ్వుకు మట్టి చెత్త అంటకూడదని. మా చర్చిని పండుగలకు కూడా అంత శుభ్రంగా ఊడ్వరు. అవ్వ ఇంకా చెట్ల దగ్గరే ఉంది. వాకిట్లో పరిచిన పువ్వును కోడలు కాలితో తిరగేస్తోంది. మా ఆవిడ ఆమెతో మాటలు కలిపింది. నేను ఇంట్లోకి తొంగిచూశాను. దూలానికి ఒక బుట్ట వేలాడుతోంది. మీద ఎండిన టేకాకు. గుర్తుపట్టాను.

"అది ఆ బుట్టేనా?" అని అడిగాను.

"అదే సారు," అంది కోడలు. "మీరు తిప్పి పంపిచ్చింది."

"ఇంక అట్లనే ఉన్నదా? తినలేదా?"

"ఎట్ల తింటం సారు? మా అత్త ఏటా ముందుగాల పడ్డ పువ్వును ఏరి, దేవునిదని ఆ బుట్టల పోసి మీద కడ్తది. వానకాలం ఇంట్ల బియ్యం లేకున్నా దాన్ని ముట్టనియ్యది. పిల్లలు ఏడ్చినా ఇయ్యది. దేవుడు వద్దన్నడని మల్ల ఇంటికి తెచ్చినంక గూడ ముట్టనియ్యలే. దేవునికని తీసినంక అది మనదెట్లయితది అంటది."

నేను పీఠమెక్కి అరగంటసేపు చెప్పిన పాఠం ఏడాది పొడుగునా ఈ ఇంటి దూలానికి వేలాడుతోంది. ఆకలి దాని కిందే కూర్చున్నా పైకి చెయ్యి చాచలేదు. నేను మాటలతో ప్రత్యేకించాను, ఆమె బుట్టతో ప్రత్యేకించింది. ఆ బుట్టను అపవిత్రమని వెనక్కి పంపినవాణ్ణి నేను.

అవ్వ వచ్చాక, నేను చెప్పింది తప్పని, దేవుడు ఆమె బుట్టనూ ఆమె చేతులనూ వద్దనలేదని, లోపలికి రావాలని గట్టిగా చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది.

"అప్పుడు దేవుడు వద్దన్నడంటిరి. ఇప్పుడు రమ్మన్నడంటున్రు. దేవుడు మాట మారుస్తడా సారు?"

"దేవుడు కాదు అవ్వా, మారిచ్చింది నేను. అప్పుడు తప్పు చెప్పింది గూడ నేనే."

"మరి బోర్డు మీద ఇంక ఉన్నదా?"

"...ఉన్నది."

"ఉంటే ఇగ ఉన్నట్టే కద సారు," అంది ఓదార్పుగా, నా బాధ చూసి జాలిపడినట్టు. మా ఇద్దరికీ పువ్వు ఉడకబెట్టి పెట్టింది. తిన్నాం. తియ్యగా ఉంది.

తిరిగి వస్తుంటే వెనక కూర్చుని మా ఆవిడ అంది. "ప్రభువు బల్ల మీది తెల్లగుడ్డ నేనే కద ఉతుకుతా. దానికి మరక అంటె మస్తు భయం. ఎవరు దగ్గరకొచ్చినా నేను పరేషానే. పొయ్యికేం భయం? మురికి ఏసినా బూడిదే అయితది, కట్టె ఏసినా నిప్పే అయితది. నువ్వు దేవున్ని గుడ్డ అనుకున్నవు. జర పొయ్యి అనుకో."

నాకు బండి ఆపి ఏడవాలనిపించింది, కానీ వెనక లారీ ఉంది.

అప్పటినుంచి నాకు వాక్యం చదవడమే కష్టమైపోయింది. ప్రతి పేజీలోనూ నా బోర్డు తప్పని రుజువే. ఎడారిలో మేకల వెనక తిరిగే కాపరికి మంటలో దేవుడు కనబడ్డ చోటు ఏమంత శుభ్రమైనది? ముళ్లపొద, పెంటికలు, ఎండ. ఆ నేలను ఎవరూ ఊడ్వలేదు, గీత గీయలేదు. దేవుడు అక్కడ ఉన్నాడు కాబట్టి అది పరిశుద్ధమైంది, చెప్పులు వదిలించింది. పెదవులు అపవిత్రమని ఏడ్చిన ప్రవక్తను ఎవరూ కడుక్కు రమ్మని ఇంటికి పంపలేదు. నిప్పే బలిపీఠం దిగి అతని నోటి దగ్గరికి వచ్చింది. కుష్ఠరోగిని ప్రభువు ముట్టుకుంటే రోగం ఇటు రాలేదు, శుద్ధి అటు వెళ్లింది. దేవుడి పరిశుద్ధత మన వాసన తగిలి మాసిపోయే సరుకు కాదు. దాని ముందు భయపడాల్సింది మనం. దానికేమవుతుందో అని భయపడటమంత అవమానం ఇంకోటి లేదు. ఇదంతా నేను ఎన్నోసార్లు చదివాను. పిల్లలకు కథలుగా చెప్పి చప్పట్లు కొట్టించాను. చదివినవాడు తొలిసారి ఇప్పుడు వింటున్నాడు, అంతే తేడా.

సెక్రటరీ ఇంటికి వెళ్లాను. బోర్డు తీసేద్దామన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"తీసేసుడా? సార్, గది ఠరావ్ అయ్యింది."

"ఆ ఠరావ్ పెట్టుమన్నది నేనే కద."

"మీరు పెట్టుమన్నా, పెట్టినంక అది కమిటీది. వాపస్ తీసుకోవాలంటే మల్ల ఠరావ్ కావాలె. ఠరావ్‌కు మీటింగ్ కావాలె. మీటింగ్‌కు మంది కావాలె."

మంది ఎక్కడ దొరుకుతారు? నాట్ల కాలం వచ్చింది. సగంమంది మడిలో. వాగులు పొంగాయి, అంకీస సభ్యులు రాలేదు. వాళ్లు వచ్చిన రోజు సెక్రటరీ అహేరిలో మనవడి పుట్టినరోజుకు వెళ్లాడు. ఈలోగా నా బోర్డుకు కీర్తి పెరిగింది. ఎవరో ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టారు. ఇంకో సంఘం వాళ్లు వచ్చి, అలాంటిదే మాకూ రాసివ్వమన్నారు. చెయ్యి నొప్పి అన్నాను. అయ్యో అని జాలిపడి, ఫోటోను ఫ్లెక్సీ కొట్టించుకున్నారు. నా మూర్ఖత్వం ఇప్పుడు రెండు ఊళ్లలో ఉంది, రెండో ఊళ్లో రంగు కూడా వెలిసిపోదు. అవ్వ మాత్రం ప్రతినెలా మెట్ల మీదే. చెప్పుల పక్కన, చేతులు కొంగులో దాచుకొని.

ఎట్టకేలకు మీటింగ్ జరిగింది. నేను నిలబడి చెప్పాల్సిందంతా చెప్పాను, అవ్వ సంగతితో సహా. నా తప్పని కూడా చెప్పాను. అందరూ మర్యాదగా విన్నారు. సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు.

"అంటే సార్, దేవుడు పరిశుద్ధుడు కాదంటరా?"

"కాదు, మనం అనుకున్నదానికంటే ఎక్కువ పరిశుద్ధుడంటున్నా" అనే జవాబు నాకు దొరికింది, కానీ ఇంటికి పోతూ పెట్రోలు బంకు దగ్గర. నా జవాబులన్నీ నాకు అక్కడే దొరుకుతాయి.

ఆ రోజు కమిటీ కొత్త ఠరావ్ చేసింది. బోర్డు చర్చిలోనే ఉండాలి, బయటికి ఎవరూ తీసుకుపోరాదు, ఇంత చక్కగా రాసిన పెద్దకు కృతజ్ఞతలు. నేను హాజరయినట్టు సంతకం పెట్టాను. అది ఒప్పుకున్నట్టు సంతకమని సెక్రటరీ తర్వాత నవ్వుతూ చెప్పాడు.

మళ్లీ కోత పండుగ దగ్గరపడింది. గోడలకు సున్నం వేయాలని బోర్డు దింపి ప్రసంగపీఠం వెనక గోడకు ఆనించారు. పండుగకు రెండు రోజుల ముందు కానుకల బల్లలు సర్దుతుంటే ఒక బల్ల తక్కువ పడింది. నేను అటు చూశాను, ఇటు చూశాను. మా ఆవిడ నా మొహం చూసింది. ఇటుకలు ఎక్కడున్నాయో చూపించింది.

ఆ సాయంత్రమే అవ్వ ఊరికి వెళ్లాను. ఇంట్లో దూలానికి ఇప్పుడు రెండు బుట్టలున్నాయి.

"ఈ ఏడాదిది గూడ తీసిపెట్టినవా అవ్వా? దేవుడు వద్దన్నడనుకుంట గూడనా?"

"ఆయన తీసుకోకున్నా ఆయనదే కద సారు," అంది, ఇదొక ప్రశ్నేనా అన్నట్టు.

నాకు అక్కడే చెప్పులు విడవాలనిపించింది. విడిచే ఉన్నాను, వాళ్లింట్లో ఎవరూ చెప్పులతో అడుగుపెట్టరు, బోర్డు లేకుండానే.

"బోర్డు గోడ మీద లేదు. నువ్వొచ్చి నీ కండ్లతోని సూసుకో. గుమ్మం దగ్గర్నుంచి బుట్టలు నేను మోస్త. దేవుడు తిడితె రాసినోన్ని తిడ్తడు గని, నిన్ను తిట్టడు."

పండుగనాడు అవ్వ, కోడలు వచ్చారు. రెండు బుట్టలు. ఇస్త్రీ చొక్కా మీదే ఒకటి నెత్తికెత్తుకున్నాను, అలవాటులేని మెడ పక్కకు వాలింది, ఆడవాళ్ల వైపు నవ్వులు. అయ్యగారు పీఠం దిగి రెండో బుట్ట అందుకున్నారు. లోపలంతా ఇప్పపువ్వు వాసన నిండింది. పీఠం ముందు, ఇటుకల మీద నిలిపిన పొడవాటి కొత్త బల్ల, మీద తెల్లగుడ్డ. అవ్వ ఆగింది. నేను గుడ్డ అంచు కొంచెం ఎత్తి చూపించాను.

"ఇదేనా సారు?" గుసగుసగా అడిగింది.

"ఇదే."

"రాతలేవి?"

"కిందికి మొఖం పెట్టుకున్నయి."

అవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకు భుజాలు కదిలాయి. తర్వాత నా నెత్తి మీది బుట్టను తానే దింపి, తన చేతులతో ఆ బల్ల మీద పెట్టింది. మూడో కిటికీ పక్కకు వెళ్లి కూర్చుంది. ప్రభు భోజనం వేళ వరుసలో వచ్చింది. చేతులు తుడుచుకోలేదు, కొంగులో దాచుకోలేదు. అయ్యగారు ఆ అరచేతుల్లో రొట్టె పెట్టారు. కళ్లు మూసుకొని చాలాసేపు నిలబడింది. వరుస ఆగిపోయింది. ఎవరో దగ్గారు. నేను కాదు.

ఇంతలో సెక్రటరీ తన పెరటి గుమ్మడికాయ, ఈసారి అన్నిటికంటే పెద్దది, రెండు చేతులా మోసుకొచ్చాడు. ఆ బల్ల మధ్యలో చోటు చేసి దాన్ని బరువుగా దించాడు. ఇప్పపువ్వు బుట్టలు చూశాడు. గోడ చూశాడు.

"సార్, బోర్డు ఏది?"

"గుడిలనే ఉన్నది."

"గుడిల ఎక్కడ?"

"బయటికి తీసుకపోవద్దని ఠరావ్ ఉన్నది కద. నేనెట్ల తీసుకపోత?"

ఆయన పీఠం వెనక వెతికాడు. బీరువా వెనక వెతికాడు. అలసిపోయి వచ్చి, గుమ్మడికాయ పక్కన మోచెయ్యి ఆనించి నిలబడ్డాడు. బోర్డు తిప్పేసి ఊరు విడిచి పారిపోయిన కంపెనీల గురించి పేపర్లో చదువుతుంటాం. నేను బోర్డు తిప్పేసి, ఎక్కడికీ పారిపోకుండా, ముందు వరుసలో కూర్చొని అందరికంటే గట్టిగా పాట పాడాను. నా ఆరు నిబంధనలు తెల్లగుడ్డ కింద ముత్యాల్లాంటి అక్షరాలతో నేలచూపులు చూస్తున్నాయి. నాలుగోదాని నడుం మీద సెక్రటరీ గుమ్మడికాయ కూర్చుంది.